చేతిలో ఇమిడే గేమింగ్ కంప్యూటర్



కంప్యూటర్ గేములు ఆడాలంటే బల్ల, కుర్చీ, పెద్ద డబ్బా అన్నీ ఉండాల్సిందేనా? అక్కర్లేదని 2022 ఫిబ్రవరిలో వాల్వ్ కంపెనీ తెచ్చిన స్టీమ్ డెక్ చూపించింది. మొదటి మోడల్‌కు ఏడంగుళాల తెర, దానికి అటూ ఇటూ మీటలు, బరువు 669 గ్రాములు. చూడటానికి ఆటబొమ్మలా ఉన్నా, 16 జీబీ ర్యామ్ ఉన్న అసలు సిసలు కంప్యూటర్ ఇది.

మొదటి లాభం, ఆటలు మళ్లీ కొనక్కర్లేదు. వాల్వ్ వారి ఆన్‌లైన్ ఆటల దుకాణం స్టీమ్‌లో ఏళ్ల తరబడి కొనుక్కున్నవి చాలావరకు ఇందులోనూ నడుస్తాయి. ఇది లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద పనిచేస్తుంది. విండోస్ కోసం తయారైన ఆటలను ప్రోటాన్ అనే సాఫ్ట్‌వేర్ ఇక్కడ ఆడిస్తుంది.

రెండోది, పవర్ బటన్ నొక్కితే ఆట ఉన్నచోటే ఆగిపోతుంది. మళ్లీ నొక్కితే అక్కడి నుంచే మొదలవుతుంది. పిల్లలు నిద్రపోయాక దొరికే ఇరవై నిమిషాలూ వృథా కావు.

మూడోది, మానిటర్, కీబోర్డ్, మౌస్ తగిలిస్తే మామూలు కంప్యూటర్ పనులూ చేసుకోవచ్చు.

లోపాలూ లేకపోలేదు. భారీ ఆటలు ఆడితే మొదటి మోడల్ బ్యాటరీ రెండు గంటల్లోనే అయిపోవచ్చు. ఆటలో మోసాలను అడ్డుకునే సాఫ్ట్‌వేర్ కారణంగా కొన్ని ఆన్‌లైన్ ఆటలు అసలు నడవవు. అందుకే మీకిష్టమైన ఆటలు నడుస్తాయో లేదో ముందే చూసుకుని కొనండి.

ప్రయాణాలు ఎక్కువగా చేసేవారికి, బల్ల ముందు కూర్చునే తీరిక లేనివారికి మాత్రం పెట్టిన డబ్బుకు న్యాయం చేసే వస్తువిది.