దేశంలో మేటి జట్టు ఎవరిది?

(హొసకోటెలో తెలుగువారి సభలో సయ్యద్ అబ్దుల్ రహీం స్మృతికి చేసిన ఉపన్యాసం పాఠం)



రహీం సాబ్ పేరు మీద మాట్లాడమని అడిగారు. ఆయన 1909లో పుట్టారు, 1963 జూన్ 11న కన్నుమూశారు. మొదట బడిపంతులు, ఆ తర్వాత హైదరాబాద్ సిటీ పోలీసు ఫుట్‌బాల్ జట్టుకు శిక్షకుడు, ఆ తర్వాత దేశం జట్టుకు శిక్షకుడు. 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల బంగారు పతకాలు, మధ్యలో 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, ఇవన్నీ ఆయన చేతిమీదుగా వచ్చినవే. 2024లో ‘మైదాన్’ సినిమా వచ్చాక ఈ సంగతులు పిల్లలకు కూడా తెలిశాయి కాబట్టి మళ్ళీ చెప్పను. సినిమాలో దేశం జట్టు కథ ఉంది. నేను చెప్పబోయేది దానికి వెనక ఉన్న కథ. దేశంలో ఏ ప్రాంతం జట్టు గొప్పది, ఆ మాట తేల్చవలసింది ఎవరు అన్న తగవు అది. రహీం సాబ్ బతికినన్నాళ్ళూ ఆ తగవు నడిచింది. నా లెక్కలో అది ఇంకా తెగలేదు.

ఆ తగవు నడిచిన పోటీల్లో డ్యూరాండ్ కప్పు 1888లో సిమ్లాలో, రోవర్స్ కప్పు 1891లో బొంబాయిలో, ఐ.ఎఫ్.ఏ. షీల్డు 1893లో కలకత్తాలో మొదలయ్యాయి. 1911లో మోహన్ బగాన్ ఉత్తకాళ్ళతో తెల్లవాళ్ళను ఓడించి షీల్డు గెలిచింది. 1937లో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఏర్పడింది. 1941లో రాష్ట్రాల మధ్య సంతోష్ ట్రోఫీ వచ్చింది. ఇది మీకందరికీ తెలిసిన చరిత్ర, నన్ను ముందుకు పోనివ్వండి.

ఒక్కచోట మాత్రం ఆగాలి, ఎందుకంటే అది మన పక్క ఊరి సంగతి. రోవర్స్ కప్పు నలభై ఏళ్ళకు పైగా తెల్ల సైనిక పటాలాల చేతుల్లోనే ఉండేది. దాన్ని మొట్టమొదట గెలిచిన భారతీయ పౌర జట్టు బెంగళూరు ముస్లింస్. అది 1937లో. మరుసటి ఏడు మళ్ళీ గెలిచారు, 1948లో మరోసారి గెలిచారు. సంతోష్ ట్రోఫీలోనూ 1946-47లో మైసూరు రాష్ట్రం బెంగాల్‌ను ఇక్కడే, బెంగళూరులోనే ఓడించింది. 1952-53లో మళ్ళీ అదే ఊళ్ళో, అదే ప్రత్యర్థి మీద గెలిచింది. 1948 లండన్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్సు మీద మన దేశం కొట్టిన ఒకే ఒక్క గోలు మైసూరు ఆటగాడు సారంగపాణి రామన్‌ది. బెంగళూరు కంటోన్మెంటు మైదానాల్లో ఆట నేర్చిన ఈ తరం గురించి తెలుగులో ఒక్క పుస్తకం లేకపోవడం నాకు బాధగా ఉంది.

ఇక నేను పాత కాగితాలు తిరగేస్తూ ఏళ్ళు గడిపిన కాలానికి వస్తాను. అది 1950 నుంచి 1957 వరకు.

1949-50 సంతోష్ ట్రోఫీ ఫైనల్లో బెంగాల్ చేతిలో హైదరాబాద్ 5-0 తేడాతో చిత్తుగా ఓడింది. తర్వాతి ఏడు అదే బెంగాల్ చేతిలో ఓటమి 1-0. ఆ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒక్క ఏడాదిలో అంత మార్పు ఎలా వచ్చింది? అదృష్టం అనేవాళ్ళతో నేను ఏకీభవించను. ఆ మార్పు వెనక ఒక పద్ధతి ఉంది.

రహీం సాబ్ పద్ధతి ఇలా ఉండేది. మన కుర్రాళ్ళలో చాలామంది కుడికాలి మీదే ఆడతారు. ఎడమకాలు నిలబడడానికి తప్ప పనికిరాదు. ఆయన ఏకంగా బలహీనమైన కాలితో మాత్రమే ఆడే పోటీలు పెట్టారు. కుడికాలి వాటం కుర్రాడు ఎడమకాలితోనే బంతి తన్నాలి, పాస్ ఇవ్వాలి, గోలు కొట్టాలి. మొదట్లో పక్కనున్నవాడికి పాస్ ఇవ్వబోతే బంతి గీత దాటి పోతుంది. నెలలు గడిచేసరికి కుర్రాడికి తనది ఏ కాలో గుర్తులేనంతగా అలవాటవుతుంది. అలాగే డ్రిబ్లింగ్ నిషేధించిన పోటీలు పెట్టారు. బంతి అందగానే వదిలెయ్యాలి, అట్టే పెట్టుకోకూడదు. ముగ్గుర్ని తప్పించుకుంటూ ఒంటరిగా పరిగెత్తేవాడికి ఈలలు, చప్పట్లు కొట్టే కాలం అది. ఆ కాలంలో చప్పట్లు రాని ఆట నేర్పడానికి ధైర్యం కావాలి.

ఫలితం చూడండి. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదేళ్ళు రోవర్స్ కప్పు గెలిచింది. 1950లో ఢిల్లీలో డ్యూరాండ్ ఫైనల్లో మోహన్ బగాన్‌ను 1-0తో ఓడించింది. 1954లో మళ్ళీ డ్యూరాండ్ గెలిచింది. ఆ ఫైనల్లో ఎదురు నిలిచింది ఎవరనుకుంటున్నారు? మన బెంగళూరు హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ జట్టు. దేశ రాజధానిలో, దేశంలోకెల్లా పాత పోటీలో, చివరి ఆట హైదరాబాదుకూ బెంగళూరుకూ మధ్య జరిగింది. ఈ ఒక్క వాస్తవం చాలామంది చరిత్రకారుల పుస్తకాల్లో కనిపించదు. 1956-57లో హైదరాబాద్ బొంబాయిని ఓడించి సంతోష్ ట్రోఫీ గెలిచింది, 1957-58లో మళ్ళీ బొంబాయినే ఓడించి నిలబెట్టుకుంది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. హైదరాబాద్ రాష్ట్రం ముక్కలై కొంత మైసూరుకూ కొంత బొంబాయికీ పోయింది. అయినా ఆ ట్రోఫీ మీద చెక్కింది హైదరాబాద్ పేరే. రాష్ట్రం పోయినా జట్టు పేరు మిగిలింది. 1957లో పోలీసు జట్టు ఈస్ట్ బెంగాల్‌ను ఓడించి డ్యూరాండ్ కూడా తెచ్చింది.

ఇప్పుడు నా తగవు. ఇది నేను ఇరవై చోట్ల రాశాను, ఇక్కడా వదలను.

కలకత్తా పక్షం పండితులు మూడు మాటలు చెబుతారు. మొదటిది, సంతోష్ ట్రోఫీ ఎవరు ఎక్కువసార్లు గెలిస్తే వాళ్ళదే ఆట అని. బెంగాల్‌కు 33 ఉన్నాయి, కాదనను. కానీ బెంగాల్ చొక్కా తొడుక్కున్నవాళ్ళు ఎక్కడివాళ్ళు? తుల్సీదాస్ బలరాం సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో పుట్టి, హైదరాబాద్ తరఫున సంతోష్ ట్రోఫీ గెలిచి, ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళి, 1958-59లో బెంగాల్ తరఫున అదే ట్రోఫీ గెలిచాడు. అతని ఆటను బెంగాల్ ఖాతాలో వేస్తారు, నేర్పిన మైదానం ఖాతాలో ఏమీ వెయ్యరు. అంతకు ముందు ఈస్ట్ బెంగాల్ ముందు వరసలో ‘పంచపాండవులు’ అని పేరుపడ్డ ఐదుగురు ఉండేవారు. వెంకటేశ్, అప్పారావు, ధనరాజ్, అహ్మద్ ఖాన్, సాలే. ఐదుగురూ దక్షిణాదివాళ్ళే. 1949, 50, 51లలో ఈస్ట్ బెంగాల్ వరసగా మూడు షీల్డులు గెలిచింది వీళ్ళతోనే. 1952 డ్యూరాండ్ ఫైనల్లో హైదరాబాద్ పోలీసును ఈస్ట్ బెంగాల్ 1-0తో ఓడించింది. పుస్తకాల్లో అది కలకత్తా గెలుపు. నా కళ్ళకు అది దక్షిణాదివాళ్ళ బలం రెండు వైపులా ఉన్న ఆట.

రెండో మాట, కలకత్తా లీగ్ అన్నిటికన్నా కఠినం, దాన్ని గెలిచినవాడే దేశానికి మొనగాడు అని. ఆ లీగ్ కఠినమైనదే. కానీ అది ఒక ఊరి లీగ్. హైదరాబాదు జట్టు అందులో చేరడానికి వీల్లేదు. తలుపు మూసిన ఇంట్లో జరిగిన పందేనికి ఊరంతటి బహుమతి ఎలా ఇస్తారు?

మూడో మాటే గట్టిది. ఐ.ఎఫ్.ఏ. షీల్డును పోలీసు జట్టు గెలవలేదు కదా అంటారు. నిజమే, గెలవలేదు. అయితే ఇదీ చెప్పాలి. మోహన్ బగాన్ మొట్టమొదటి రోవర్స్ కప్పు 1955లో గెలిచింది. అంటే హైదరాబాద్ ఐదేళ్ళు వరసగా గెలిచి, ఆరో ఏట తప్పిన తర్వాతే. ఎవరి ఊళ్ళో వాళ్ళు గెలవడం ఒక ఎత్తు. బొంబాయిలో, ఢిల్లీలో పరాయి జనం మధ్య గెలవడం ఇంకో ఎత్తు. హైదరాబాద్ గెలుపులన్నీ దాదాపు పరాయి ఊళ్ళలోవే.

అసలు చిక్కు ఇక్కడ ఉంది. ఆ రోజుల్లో దేశానికంతటికీ ఒక్క పోటీ లేదు. క్లబ్బులకు మూడు కప్పులు, రాష్ట్రాలకు ఒక ట్రోఫీ. ఏడాది చివర ఎవరు మేటి అన్నది పత్రికలూ, ఆ పత్రికలు చదివే ఊళ్ళూ తేల్చేవి. ఎక్కువ పత్రికలూ, ఎక్కువ మంది విలేకరులూ ఎక్కడుంటే మాట అక్కడే చెల్లేది.

ఇలాంటి తగవే అమెరికాలో ఉంది. మీలో చాలామంది పిల్లలు అక్కడి విశ్వవిద్యాలయాల్లో చదువుతున్నారు కాబట్టి వినే ఉంటారు. అక్కడి కళాశాల ఫుట్‌బాల్ వేరే ఆట, కోడిగుడ్డు ఆకారం బంతి, చేతుల ఆట. కానీ తగవు ఒకటే. విశ్వవిద్యాలయాలు కాన్ఫరెన్సులుగా విడిపోయి తమలో తాము ఆడుకుంటాయి. ఒక కాన్ఫరెన్స్ జట్టు ఇతర కాన్ఫరెన్సుల జట్లతో సీజనుకు కొన్ని ఆటలే ఆడుతుంది. అందువల్ల దేశ విజేత ఎవరన్నది 1936 నుంచి విలేకరుల ఓట్లతో, తర్వాత శిక్షకుల ఓట్లతో కూడా తేల్చేవారు. 1997లో విలేకరులు మిషిగన్ అన్నారు, శిక్షకులు నెబ్రాస్కా అన్నారు, రెండూ విజేతలే అయ్యాయి. ఆ రెండు జట్లూ ఆ ఏడు ఒకదానితో ఒకటి ఆడనే లేదు. ఆ గొడవ పడలేక 1998లో కొత్త ఏర్పాటు చేసుకున్నారు, 2014 సీజన్ నుంచి నాలుగు జట్ల పోటీ పెట్టారు, 2024 సీజన్‌కు దాన్ని పన్నెండు జట్లకు పెంచారు. దాన్ని మొదట ఒహైయో స్టేట్ గెలిచింది. తమ కాన్ఫరెన్స్ గొప్పదంటే తమదే గొప్పదని అక్కడివాళ్ళు ఇంకా కొట్లాడుతున్నారు. కానీ చివరకు జట్లు ఒకే మైదానంలోకి దిగుతున్నాయి. 1950లలో మన సమాఖ్య ఆ పని చేసి ఉంటే, నేనీ వేదిక మీద వాదించవలసిన అవసరమే ఉండేది కాదు. మన అంతర్విశ్వవిద్యాలయ పోటీల్లో కూడా సౌత్ జోన్, నార్త్ జోన్ అని వేరువేరుగా ఆడించినా, చివర్లో జోన్ల మేటి జట్లు అఖిల భారత దశలో తలపడతాయి. ఆ పాటి న్యాయం కళాశాల కుర్రాళ్ళకు దక్కింది.

నా తీర్పు ఇది. 1950 నుంచి 1957 వరకు దేశంలో మేటి జట్టు హైదరాబాద్. రెండు పెద్ద కప్పుల్లో, పరాయి ఊళ్ళలో, ఎనిమిదేళ్ళ పాటు ఇంకెవరూ అంత నిలకడగా గెలవలేదు. ఈ లెక్కకు ఎదురు లెక్క చూపినవాళ్ళు ఇంతవరకు నాకు తారసపడలేదు.

అధ్యక్షులవారు చీటీ పంపారు. త్వరగా ముగిస్తాను.

1960ల మీద నాకు పెద్ద ఆసక్తి లేదు. సర్వీసెస్, రైల్వేస్ జట్లు సంతోష్ ట్రోఫీ గెలవడం మొదలుపెట్టాయి. ఊరి పేరు పోయి శాఖ పేరు వచ్చింది. 1960లో డ్యూరాండ్ ఫైనల్ తేలక మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ రెండింటికీ పంచేశారు. తేల్చవలసినదాన్ని పంచడం నాకు నచ్చదు. 1965-66లో ఆంధ్రప్రదేశ్ బెంగాల్‌ను ఓడించి సంతోష్ ట్రోఫీ గెలిచింది, అదే మనకు చివరిది. 1967-68, 1968-69లలో మైసూరు గెలిచింది. డెబ్బైలు, ఎనభైలు వదిలేస్తున్నాను.

1996-97లో జాతీయ లీగ్ వచ్చింది, జె.సి.టి. గెలిచింది. 2007లో దాని స్థానంలో ఐ-లీగ్, 2014లో ఇండియన్ సూపర్ లీగ్ (ఐ.ఎస్.ఎల్.) వచ్చాయి. మన బెంగళూరు ఎఫ్.సి. 2013-14లో మొదటి ఏడే ఐ-లీగ్ కొట్టింది, 2018-19లో ఐ.ఎస్.ఎల్. తెచ్చింది. 2021-22 ఐ.ఎస్.ఎల్.లో పాత తగవు కొత్త వేషంలో వచ్చింది. లీగ్‌లో మొదటి స్థానంలో నిలిచి షీల్డు తీసుకున్నది జంషెడ్‌పూర్, రెండో స్థానంలో ఉండి ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి కప్పు తెచ్చింది హైదరాబాద్ ఎఫ్.సి. ఆసియా పోటీకి వెళ్ళే అవకాశం షీల్డుకు, ఛాంపియన్ అన్న పేరు కప్పుకు. నేను హైదరాబాద్ వాదిని, అయినా చెబుతాను. అందరితో అందరూ రెండేసిసార్లు ఆడి సంపాదించిన షీల్డుకే నా ఓటు. 2023 మార్చిలో కర్ణాటక రియాద్‌లో మేఘాలయను 3-2తో ఓడించి 54 ఏళ్ళ తర్వాత సంతోష్ ట్రోఫీ తెచ్చింది. 2024 డిసెంబరు 31న బెంగాల్ తన 33వ ట్రోఫీని హైదరాబాదులోనే గెలుచుకుంది. 2024-25 ఐ-లీగ్ విజేతను మైదానం కాదు, స్విట్జర్లాండ్‌లోని క్రీడా న్యాయస్థానం తేల్చింది. మొదట చర్చిల్ బ్రదర్స్ అన్నారు, 2025 జులైలో ఇంటర్ కాశీ అని తీర్పు వచ్చింది. అదే 2025లో హైదరాబాద్ ఎఫ్.సి. ఊరు మారి ఢిల్లీకి వెళ్ళిపోయింది.

చివరిగా ఒక విన్నపం. ఇక్కడి నుంచి పాత మద్రాసు రోడ్డు మీద బెంగళూరు వైపు వెళ్తే కె.ఆర్.పురం దాటగానే దూరవాణి నగర్‌లో ఐ.టి.ఐ. ఫ్యాక్టరీ, ఇంకా అవతల హెచ్.ఏ.ఎల్., అంటే ఆనాటి హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్. ఆ రెండు సంస్థలకూ ఫుట్‌బాల్ జట్లు ఉండేవి. హొసకోటె చుట్టుపక్కల పల్లెల నుంచి ఆ ఫ్యాక్టరీలకు పనికి వెళ్ళిన కుటుంబాలు ఈ సభలో ఉండే ఉంటాయి. మీ తాతగారో, మేనమామగారో ఆ జట్లలో ఆడి ఉంటే, 1954 డ్యూరాండ్ నాటి ఫోటో గాని, పతకం గాని, టోర్నమెంట్ కరపత్రం గాని ఇంట్లో మిగిలి ఉంటే దయచేసి పాత సామాన్ల వాడికి వెయ్యకండి. వెనక ఎవరెవరు నిలబడ్డారో పేర్లు రాయించి, ఒక నకలు తీసి, ఈ సభ నిర్వాహకులకు ఇవ్వండి. హైదరాబాద్ జట్టు గురించి నేను కొంత రాయగలిగాను. ఆ రోజు వాళ్ళకు ఎదురు నిలిచిన పదకొండు మంది చరిత్ర మీరే రాయాలి.