వృద్ధులకు దూరవైద్యము: మధుమేహ నివారణలో పంచాయతీ చేయదగిన పని
(దేవరకొండలో గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మధుమేహము వచ్చిన వెనుక చేయవలసిన చికిత్సను గూర్చి వైద్యులు చెప్పుదురు. అది రాకముందు పంచాయతీ చేయదగిన పనిని గూర్చి నాలుగు మాటలు మనవి చేయుటకు మేము వచ్చితిమి.

మన పల్లెలలో దీనిని షుగరు అందురు. భారతీయ వైద్య పరిశోధన మండలి వారి పరిశీలన 2023లో వెలువడినది. దాని ప్రకారము దేశమున 10 కోట్లకు పైబడి జనులకు ఈ వ్యాధి కలదు. మరి 13 కోట్ల 60 లక్షల మంది దాని గడప మీద నిలిచియున్నారు. అనగా వారి రక్తములో చక్కెర హెచ్చినది గాని, ఇంకను వ్యాధి అనదగినంత హెచ్చలేదు.

గడప మీది వారందరును లోనికి పోవలసిన పని లేదు. 3,234 మందిపై అమెరికాలో జరిగిన పరిశోధన ఫలితములు 2002లో ప్రకటితమైనవి. శరీరపు బరువులో నూటికి 7 వంతులు తగ్గించుకొనుట, వారమునకు 150 నిమిషములు నడచుట లక్ష్యముగా పెట్టుకొనిన వారిలో, ఆ శిక్షణ లేని వారికన్న, వ్యాధి వచ్చుట నూటికి 58 వంతులు తగ్గినది. అరువది యేండ్లు దాటిన వారిలో ఆ తగ్గుదల 71 వంతులు! “ఈ వయసున ఇంకేమి నడచెదము” అను వృద్ధులకు ఈ అంకె తప్పక చెప్పవలెను.

అట్టి శిక్షణను దూరము నుండి ఇయ్యవచ్చునా? మన దక్షిణ దేశమున పది చోట్ల, 2009–2012 మధ్య, 537 మంది పనిచేయు పురుషులపై పరీక్ష జరిగినది. కొందరికి ఫోను సందేశముల ద్వారా ఆహారము, నడక గూర్చి గుర్తు చేయుచు వచ్చిరి. రెండేండ్లలో సందేశములు లేనివారిలో నూటికి 27 మందికి, ఉన్నవారిలో 18 మందికి మాత్రమే వ్యాధి వచ్చినది. అయితే వారు నడివయసు వారు, సందేశము చదువుకొనగలవారు. మన అవ్వలకు చదువు రాదు, తాతలకు చెవి వినరాదు. ఫోను కొడుకు చేతిలో నుండును, కొడుకు హైదరాబాదులో నుండును.

కావుననే నడుమ ఒక మనిషి కావలెను. కేంద్ర ప్రభుత్వము 2019లో ప్రారంభించిన ఈ-సంజీవని ఆ పద్ధతినే నడచుచున్నది. ఊరి ఆరోగ్య కేంద్రమున సిబ్బంది రోగి ప్రక్కన కూర్చుందురు, వైద్యుడు తెరమీద కనబడును. 2023 ఫిబ్రవరి నాటికి ఇట్టి సంప్రదింపులు 10 కోట్లు దాటినవి. తెలుగు పల్లెకు ఇది బొత్తిగా క్రొత్తయు కాదు. చిత్తూరు జిల్లా అరగొండలో 2000 సంవత్సరముననే దూరవైద్య కేంద్రము వెలసినది.

చందంపేట, నేరేడుగొమ్ము ప్రాంతపు తండాల నుండి వృద్ధులు దేవరకొండ ఆస్పత్రికి రావలెనన్న వెంట ఒకరు రావలెను, ఆ యొకరికి ఒకనాటి కూలి పోవును. కాలి పుండు మానక పోయినగాని వారు కదలకుండుటకు ఇదియే కారణము. అంతదాక పోనీయరాదు.

ఒక తండాలో మేము చూచినది చెప్పెదము. మాటల నడుమ తెరమీది వైద్యుని బొమ్మ కదలక నిలిచిపోయినది. ఎదుటనున్న అవ్వ “డాక్టరు సారుకు కోపమొచ్చిందా బిడ్డా?” అని లేచిపోయినది. ఆమెను మరల రప్పించుటకు ఆశా కార్యకర్త మూడుమార్లు తిరిగినది. తప్పు అవ్వదియు కాదు, వైద్యునిదియు కాదు. ఆ గదిలో సిగ్నలు లేదు. పంచాయతీ కార్యాలయపు వరండాలో చక్కగా నున్నది!

చూచితిరా, పంచాయతీ చేయదగినది ఎంత చిన్న పనియో! మెట్లెక్కనక్కరలేని, సిగ్నలు గల ఒక గది. వారమున ఒక దినము, ముందునాడు డప్పు చాటింపు. లంబాడీ మాటలో తిరిగి చెప్పగల ఒక యువకుడు. వంట చేయు కోడలు కూడ ఆ మాటలు వినవలెను, ఆమె వినని సలహా పళ్లెములోనికి రాదు. అన్నము తగ్గించి పప్పు, కూర పెంచుమనుట, జొన్నరొట్టెయైనను మితముగా తినుమనుట, అరుగు మీద త్రాగు చాయలలో చక్కెర మానుమనుట, ఇవి మాటిమాటికి చెప్పవలసినవి. ముందుగా రక్తపరీక్ష జరుగవలెను, తెర చూచి చక్కెర కొలుచుట ఎవరి తరము? ముప్పది యేండ్లు దాటిన వారికి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములలో ఆ పరీక్ష ఉచితము. ఇదివరకే మాత్రలు వేసుకొనువారు మాత్రము వైద్యుని అడుగక భోజనము తగ్గించరాదు, పరగడుపున దూరము నడువరాదు. చక్కెర పడిపోయి కండ్లు తిరుగవచ్చును.

వృద్ధులు నడచుటకు ఊరి బాట మీది ముండ్లకంప తీయించుడు, దీపములు వెలుగునట్లు చూడుడు. దినమును, గదిని వచ్చు గ్రామసభలో నిర్ణయింపవచ్చును. సిగ్నలు ఎచ్చట నున్నదో మాత్రము ఈ సాయంకాలమే ఫోను పట్టుకొని చూచి రండు.