మధుమేహము – మూత్రపిండముల లెక్క
(మన సంఘపు సభలో చేసిన ప్రసంగము)



నేను వైద్యుడను కాను. బి.ఏ. చదివి, సచివాలయములో ఫైళ్ళ నడుమ 20 ఏండ్లు గడిపినవాడను. అయినను మూత్రపిండములను గురించి మాటలాడ సాహసించుటకు కారణము మా అమ్మగారు.

ఆమెకు 68 ఏండ్లు. మధుమేహము చిరకాలముగా నున్నది. ఏటేట రక్తపరీక్ష చేయించి, క్రియాటినిన్ 1.1 అని చూచి, ప్రక్కన అచ్చువేసిన హద్దులలోనే యున్నదని తృప్తిపడి, కాగితమును భద్రపరచుచుంటిని. నిరుడు నాకును ఆ పరీక్ష చేసినారు. నా అంకెయు 1.1. "తల్లీకొడుకుల లెక్క ఒక్కటే" యని నేను నవ్వితిని. డాక్టరుగారు నవ్వలేదు.

క్రియాటినిన్ కండరములనుండి పుట్టు వ్యర్థపదార్థము. కండ తక్కువగా నున్న వృద్ధురాలి దేహములో అది పుట్టుటయే తక్కువ. అట్టిచోట రక్తములో 1.1 నిలిచినదనగా, వడపోత మందగించినదన్నమాట. వయస్సును, స్త్రీపురుష భేదమును గణనలోనికి తీసికొని చెప్పు అంకె వేఱొకటి కలదు. దానిని ఇ.జి.ఎఫ్.ఆర్. అందురు. మూత్రపిండములు నిమిషమునకు ఎన్ని మిల్లీలీటర్లు వడపోయుచున్నవో చెప్పు అంచనా యది. 2021 నాటి సూత్రము ప్రకారము 46 ఏండ్ల నాకు 1.1 అనగా సుమారు 84. అమ్మకు అదే 1.1 అనగా 55. మూడు నెలలకు పైబడి 60కి దిగువనే యున్నచో దీర్ఘకాలిక వ్యాధిగా నెంచుదురు. ఆ అంకె మా కాగితము అడుగున అచ్చయియే యున్నది! చివరి పేరా చదువక సంతకము చేసినవారిని నేనెన్నిమారులు మందలించితినో ఈ సభలో కొందరికి తెలియును.

రెండవది మూత్రపరీక్ష. దీనిని మేము ఒక్కమారును చేయించి యుండలేదు. ఆల్బుమిన్ అను మాంసకృత్తును ఆరోగ్యముగా నున్న జల్లెడ దాదాపు జారనీయదు. మధుమేహమువలన జల్లెడ దెబ్బతిన్నప్పుడు, తరచుగా పై అంకె తగ్గకమునుపే, అది మూత్రములో కానవచ్చును. గ్రాము క్రియాటినిన్‌కు 30 మిల్లీగ్రాములలోపు సామాన్యము. 300 దాటినచో తీవ్రము. అమ్మకు 180 వచ్చినది. జ్వరము, మూత్రనాళములలో అంటు, ముందుదినపు అధిక వ్యాయామము కూడ ఈ అంకెను పెంచగలవు. అందుచే మూడు నుండి ఆరు నెలలలో మూడు పరీక్షలు జరిపి, రెండింట హెచ్చినగాని నిర్ధారించరు. ఆ నెలలు మా యింట ఎట్లు గడచినవో చెప్పజాలను. అమ్మకు రెండవమారును హెచ్చుగానే వచ్చినది.

ఆల్బుమిన్ కారుటను తగ్గించు రక్తపోటు మందును, మూత్రపిండములను కాపాడు చక్కెర మందును ఇచ్చినారు. మోకాళ్ళ నొప్పికి ఆమె తానుగా కొని మ్రింగుచున్న మాత్రలు మాన్పించినారు. ఆ మాత్రల సంగతి ఇంటిలో ఎవరికిని తెలియదు. పెద్దలకు సాధారణముగా వచ్చు రెండవరకపు మధుమేహములో, వ్యాధి బయటపడిన యేటినుండియే ఈ రెండు పరీక్షలును ఏటేట జరుగవలెనట. మేము పోగొట్టుకొన్న యేండ్లు ఎన్నియో!

గతమాసమున మూత్రపు అంకె 110కి దిగినది. రక్తపు అంకె 54 వద్ద నిలిచినది. కాగితము చేతబట్టి శుభవార్త చెప్పబోవగా అమ్మ అడిగినది: "ఏమిరా, ఈసారి అడుగు పంక్తికూడ చదివితివా?"