మాటలు నేర్పిన అక్కయ్య

ఈ వారం పండగ వంటల గురించి మాట్లాడతానని కిందటిసారి చెప్పాను. ఆ మాట నిలబెట్టుకోలేకపోతున్నాను, మన్నించండి. పోయిన నెల ఇక్కడ న్యూజెర్సీలో మా అక్కయ్య ఒకావిడ కన్నుమూశారు. తోడబుట్టిన అక్క కాదు, పక్క వీధి అక్క. ఆవిడ పేరు రేడియోలో చెప్పొద్దని వాళ్ళమ్మాయి అడిగింది. అందుకని అక్కయ్య అనే అంటాను.

అక్కయ్య స్కూల్లో స్పీచ్ పేథాలజిస్టు. మనవాళ్ళు "అంటే డాక్టరా, టీచరా?" అని అడిగితే, "రెండూ కాదండీ, వస పోసేదాన్ని" అని నవ్వేవారు. పిల్లలకి మాటలు రావాలని మన ఇళ్ళల్లో వస కొమ్ము అరగదీసి నాలిక్కి రాసేవారు కదా, అదన్నమాట.

ఆవిడ మైసూరులో చదువుకున్నారు. 1965లో అక్కడ మాటకీ వినికిడికీ సంబంధించి పెట్టిన జాతీయ సంస్థ ఉంది, అందులో. పెళ్ళయి ఇక్కడికొచ్చాక ఆ డిగ్రీ ఒక్కటీ సరిపోలేదు. మళ్ళీ మాస్టర్స్, ఒకరి పర్యవేక్షణలో 400 గంటల శిక్షణ, పరీక్ష, ఆ తర్వాత ఫెలోషిప్పు. అప్పటికి ఇద్దరు పిల్లలు. చిన్నవాణ్ణి ఒళ్ళో పడుకోబెట్టుకుని చదివానని చెప్పేవారు.

ఇక నా సంగతి చెప్పాలి. 2003లో మా అబ్బాయికి మూడేళ్ళు. పట్టుమని పది మాటలు కూడా లేవు. "మగపిల్లలకి మాటలు ఆలస్యంలే" అన్నారు ఇండియా నుంచి అందరూ. ఇక్కడ ఒక క్లినిక్కులో మాత్రం, ఇంట్లో రెండు భాషలు వినడం వల్ల పిల్లాడు అయోమయపడుతున్నాడు, తెలుగు మానేయండి అన్నారు. మానేశాం. అప్పుడు మా అత్తగారు తెనాలి నుంచి వచ్చి మా దగ్గరే ఉన్నారు. ఆవిడకి ఇంగ్లీషు రాదు. ఇంకేం చేస్తారు? మనవడికి మాట్లాడకుండా అన్నం పెట్టేవారు, మాట్లాడకుండా స్నానం చేయించేవారు. నాలుగు నెలలు అలా గడిచింది.

ఒకరోజు పేరంటానికి వచ్చిన అక్కయ్య అది గమనించారు. "పిన్నిగారు పిల్లాడితో మాట్లాడరేం?" అన్నారు. చెప్పాను. ఆవిడకి కోపం రావడం నేను చూసింది అదే మొదలు.

"రెండు భాషలు వింటే మాట ఆగిపోదమ్మా. ఆలస్యమయ్యేవాడికి ఒక్క భాష ఉన్నా ఆలస్యమే అవుతుంది. తడుముకుంటూ నువ్వు నాలుగు ఇంగ్లీషు ముక్కలు మాట్లాడితే వాడికి అందేవి ఆ నాలుగే. పిన్నిగారి దగ్గర వెయ్యి మాటలున్నాయి. వాటినెందుకు ఆపావు?" అన్నారు. తర్వాత మా అత్తగారి వైపు తిరిగి, "మీరు మాట్లాడండి పిన్నిగారూ, ఏం ఫరవాలేదు" అన్నారు. మా అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు. ఆవిడ అన్నాళ్ళు ఎంత నలిగిపోయారో నాకు అప్పుడే తెలిసింది.

మర్నాడు దగ్గర కూర్చుని స్కూల్ డిస్ట్రిక్టుకి నా చేత ఉత్తరం రాయించారు. "నోటిమాట చాలదు, కాగితం మీద అడుగు" అన్నారు. ఈ దేశంలో 1975లో వచ్చిన చట్టం ఒకటుంది, 1990లో దానికి ఇప్పుడున్న పేరు పెట్టారు. దాని ప్రకారం అర్హత ఉన్న పిల్లలకి మూడేళ్ళ నుంచి ఈ సాయం ఉచితం. పరీక్షలు వీలైనంతవరకు పిల్లవాడి సొంత భాషలో జరగాలి. మీటింగులో మనకి అర్థంకాకపోతే దుబాసీని అడగవచ్చు. ఇవన్నీ ఆవిడ చెబితేనే తెలిశాయి.

ఇంట్లో చెయ్యమన్నవి చిన్నచిన్నవే. "పాలు కావాలా, నీళ్ళు కావాలా?" అని అడిగి మనసులో పది లెక్కపెట్టు, నువ్వే జవాబు చెప్పేయకు. వాడు "కారు" అంటే "అవును, ఎర్ర కారు" అను. తప్పు పలికాడని దిద్దకు, నువ్వు సరిగ్గా పలుకు, చాలు.

స్కూల్లో ఆవిడ పోట్లాట ఇంకో రకం. కొత్తగా గుంటూరు నుంచి వచ్చిన ఒక పిల్ల "మిల్కు", "బుక్కు" అంటోందని థెరపీకి పంపారట. తెలుగులో మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి, ఇది లోపం కాదు, భాష అలవాటు అని ఆవిడ టీచరుకి విడమరిచి చెప్పారు. అలాగని అన్నీ భాష మీదికి నెట్టేసేవారు కాదు. "తెలుగులో కూడా తడబడుతున్నాడా?" అని తల్లినో అమ్మమ్మనో తప్పకుండా అడిగేవారు. అవునంటే అది నిజమైన ఇబ్బందే, ఆలస్యం చెయ్యొద్దు అనేవారు.

సంతాప సభలో వాళ్ళమ్మాయి మాట్లాడింది. "చిన్నప్పుడు నాకు అమ్మ మీద కోపంగా ఉండేది. స్కూల్లో పిల్లలతో మాట్లాడీ మాట్లాడీ ఇంటికొచ్చేసరికి గొంతు బొంగురుపోయేది. మాకు కథ చెప్పే ఓపిక ఉండేది కాదు. శనివారాలు కూడా ఎవరో ఒక ఆంటీ ఫోను" అంది. నేను తలొంచుకున్నాను. ఆ ఫోన్లలో సగం నావే. ఆ పిల్లల కథల్లోంచి తీసి ఆవిడ నా పిల్లాడికి పెట్టారు. అది నాకు అన్నాళ్ళూ తట్టలేదు.

ఆ అమ్మాయి కాసేపు ఆగి ఇంకో మాట అంది. "కానీ నేను ఏదైనా చెబుతుంటే అమ్మ ఒక్కసారి కూడా మధ్యలో అందుకోలేదు. ఎంతసేపైనా ఆగేది. నాకు పిల్లలు పుట్టాక తెలిసింది, అది ఎంత కష్టమో."

తర్వాత మా అబ్బాయి లేచి తెలుగులో నాలుగు మాటలు చెప్పాడు. ఒకచోట మాట దొరక్క ఆగిపోయాడు. నా నోటిదాకా వచ్చింది. అందివ్వబోయి ఊరుకున్నాను, పది లెక్కపెట్టాను. ఎనిమిది దగ్గర వాడికే దొరికింది.

వాళ్ళ నాయనమ్మ 2015లో పోయారు. అప్పటిదాకా ప్రతి ఆదివారం ఫోనులో వీడు వసపిట్టే. అక్కయ్య ఆ రోజు పేరంటానికి రాకపోతే ఆ ఇద్దరి మధ్యా ఆ కబుర్లు ఉండేవి కావు.

వింటున్నవాళ్ళలో పిల్లల మాట గురించి బెంగ ఉన్నవాళ్ళుంటే, ఎవరేమనుకుంటారో అని దాచుకోకండి, ఇవాళే అడగండి. ఇంట్లో మీ భాష మాత్రం మానకండి. ఉంటాను, సెలవు.