ఆరోగ్యమే మగ్గమునకు మూలబలము



నూలు ధరను గూర్చియు, సరకు అమ్మకమును గూర్చియు పెద్దలు సవిస్తరముగా ప్రసంగించియున్నారు. మేము మరియొక విషయమును మీ సన్నిధి నుంచగోరుచున్నాము. అది మన యిండ్ల యారోగ్యము.

మన వృత్తి యొక్కని చేతిపని కాదు. ఇల్లాలు కండెలు చుట్టును. వృద్ధులు ఆసు పోయుదురు. గృహస్థుడు గుంటలో కాళ్లుంచి దినమెల్ల నేయును. ఒకరు మంచము పట్టినచో తక్కినవారి చేతులును నిలిచిపోవును. నేయని దినమునకు కూలి లేదు. వైద్యమునకు అప్పు చేయుదుము. ఆ యప్పు తీర్చుటకు షావుకారు నొద్ద బయానా పుచ్చుకొందుము. ఇట్లు పదిదినముల జ్వరము పదిమాసముల ఋణమగుచున్నది.

వానకాలమున నీ కష్టము రెట్టింపగును. గుంటలో నీరూరి మగ్గము నిలుచును; వీధిలో పడుగు చాచుటకు వీలుండదు. ఆ సమయముననే మురుగు మంచినీటితో గలిసి వాంతులు, విరేచనములు ప్రబలును. 1977 నవంబరు 19వ తేదీని దివిసీమను ముంచిన యుప్పెన వేలాది ప్రాణములను బలిగొన్నది. ఉప్పెన నాపుట మన వశము కాదు. నీరు తీసిన పిమ్మట వచ్చు రోగమును చాలవఱకు నాపుట మన వశమే.

ఇందుకు నిదర్శనము కలదు. 1971లో తూర్పు పాకిస్తాను నుండి పశ్చిమ బెంగాలునకు వచ్చిన శరణార్థులు బనగావ్ శిబిరమున కలరాచే మరణించుచుండిరి. నరములలోని కెక్కించు సెలైను చాలకుండెను. అప్పుడు డాక్టరు దిలీప్ మహలనబీస్ గ్లూకోజు, ఉప్పు, వంటసోడా నీటిలో గలిపించి రోగుల బంధువులచేతనే త్రాగించెను. నూటికి 30 వఱకు నుండిన మరణములు 4కు లోబడెను. చదువురాని తల్లులును ఆ పని నేర్చి తమ బిడ్డలను దక్కించుకొనిరి.

కావున మా విన్నపములు మూడు. మొదటిది, ప్రతి వీధిలో నిద్దరు స్త్రీలైనను ఈ చికిత్స నేర్వవలయును. ఓ.ఆర్.ఎస్. పొట్లము దొరకనిచో, కాచి చల్లార్చిన 1 లీటరు నీటిలో చిన్న చెంచాతో సమముగా 6 చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలుపవలెను. ఉప్పు మించరాదు. రోగి త్రాగలేకున్నను, మగతగా పడియున్నను తడవు చేయక ఆసుపత్రికి గొనిపోవలెను. రెండవది, వానలకు ముందే మంచినీటి తొట్లను కడిగించి క్లోరిను వేయించి, మురుగుకాలువలను బాగుచేయించవలెను. మూడవది, సంఘము తరఫున నొక వైద్యసహాయనిధి నెలకొల్పి, రోగము వచ్చిన యింటికి వడ్డీలేని సొమ్మును, మగ్గము నిలిచిన దినములకు బియ్యమును ఇయ్యవలెను. పోషకులు దీనికి చేయూత నొసగుదురు గాక!

పడుగులో నొక పోగు తెగినచో మనము నేత నాపి, దాని నతికి, పిమ్మటనే నాడె విసరుదుము. మగ్గమునొద్ద మనకు సహజమైన యీ జాగ్రత్తను మన వీధులలోను చూపుదము. తెగిన పోగును విడిచిన వస్త్రము నిలువదు. పడిన యింటిని విడిచిన కులమును నిలువదని విన్నవించుచు సెలవు గైకొనుచున్నాము.