అరుపులో ప్రార్థన



ఒకరోజు మా అబ్బాయి గదిలోంచి గొంతు చించుకునే అరుపులు వినిపించాయి. "ఏమిట్రా ఈ గోల?" అన్నాను. "దేవుడి పాటలే నాన్నా" అన్నాడు. వేళాకోళం అనుకున్నాను. కాదట! అది మన న్యూజీలాండ్ బృందం సేవింగ్ గ్రేస్ ఆల్బం 'ది అర్జెన్సీ'. 2014లో అమెరికాకి చెందిన ఫేస్‌డౌన్ రికార్డ్స్ విడుదల చేసింది.

క్రైస్తవ మెటల్ సంగీతానికి మొదటినుంచీ రెండు వైపులా దెబ్బలే. 1986లో అమెరికన్ బృందం స్ట్రైపర్ 'టు హెల్ విత్ ద డెవిల్' తెచ్చింది. పది లక్షలకు పైగా అమ్ముడుపోయింది. వాళ్ళు వేదిక మీంచి జనంలోకి బైబిళ్ళు విసిరేవారు. టీవీ బోధకుడు జిమ్మీ స్వాగర్ట్ తప్పుపట్టాడు. మెటల్ అభిమానుల్లో చాలామంది వెక్కిరించారు. దేవదూతలు సైతానుని నరకంలోకి తోస్తున్న అట్ట బొమ్మ మీద గొడవై, దాన్నీ మార్చేశారు.

మరి మన పురుషోత్తమ చౌదరిగారో? 1803లో పుట్టిన ఆయన క్రీస్తు కీర్తనలను కర్ణాటక రాగాల్లో కట్టారు. గుడిలో వినిపించే రాగాలు చర్చిలోకి వచ్చాయి. ఈ రోజు అవి మన అమ్మమ్మల పాటలు. బాణీకి మతం ఉండదండీ, పాడేవాడి మనసుకే ఉంటుంది.

2023 జనాభా లెక్కల్లో ఈ దేశంలో సగానికి పైగా మతం లేదన్నారు. అలాంటిచోట కుర్రాడు దేవుడి మాట వింటున్నాడంటే, ఏ బాణీలోనైతేనేం?

నిజం చెప్పాలంటే, ఆ అరుపులు నాకిప్పటికీ పడవు. పాట మాటలు చదివి వినిపించమన్నాను. చాలా నెలల తర్వాత ఇద్దరం అరగంట కూర్చుని మాట్లాడుకున్నాం.

సెలవు.