ఉప్పుగాలిలో స్కూటరు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

తోటి పూర్వ విద్యార్థులారా, మనలో డాక్టర్లున్నారు, ఇంజనీర్లున్నారు, అమెరికా నుంచి వచ్చినవాళ్లున్నారు. నన్ను మాత్రం స్కూటరు గురించి మాట్లాడమన్నారు. గుడివాడ, బందరు, అవనిగడ్డల మధ్య స్కూటరు మీదే ఉద్యోగమంతా వెళ్లదీసినవాణ్ణి కనుక కాదనలేదు.

మా రోజుల్లో బజాజ్ చేతక్ కావాలంటే బుక్ చేసి ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. అంత తపస్సు చేసి తెచ్చుకున్న బండిని పరాయి చేతిలో పెట్టబుద్ధయ్యేది కాదు. పెట్రోల్లో నూటికి రెండు పాళ్లు ఆయిలు కలపడం, ప్లగ్గుకు పట్టిన కార్బన్ గీకి గ్యాపు సరిచేయడం, తెగిన క్లచ్ కేబులు దారిలోనే మార్చుకోవడం, స్టెప్నీ బిగించడం స్కూటరున్న ప్రతివాడికీ తెలుసు. స్టార్టు కాకపోతే బండిని పక్కకు వంచి లేపడం కూడా! అందులో శాస్త్రమెంతో, నమ్మకమెంతో ఇక్కడున్న సైన్సు మాష్టార్లే చెప్పాలి.

ఇప్పటి బండ్లకు ఆ పనులు చాలావరకు లేవు. దాంతో మనం చేతులు ముడుచుకున్నాం. కానీ గేర్లు లేని బండికీ టైర్లో గాలి, ఇంజనులో ఆయిలు, చక్రానికి బ్రేకు ఉన్నాయి. పైగా మనకు ఉప్పు ఉంది.

కార్తీక పౌర్ణమికి మంగినపూడిలో, మాఘ పౌర్ణమికి హంసలదీవిలో సముద్రస్నానం చేస్తాం. ఇంటికొచ్చి మనం మంచినీళ్లు పోసుకుంటాం, బండికి పొయ్యం. సైలెన్సరు కింద, ఫుట్‌బోర్డు అడుగున, స్టాండు స్ప్రింగు దగ్గర ఆ ఉప్పు తిష్ఠ వేస్తుంది. తీరాన చాలాచోట్ల బోరు నీళ్లూ ఉప్పనే. వాటితో కడిగితే ఉప్పు మీద ఉప్పు. కుళాయి నీళ్లో, బిందెతో తెచ్చిన కాలువ నీళ్లో పోయండి. ఆరాక స్టాండు కీలుకు, లీవర్ల కీళ్లకు రెండేసి చుక్కల ఆయిలు వేయండి. బ్రేకు డ్రమ్ము వైపు మాత్రం ఒక్క చుక్క పోకూడదు. వానల్లో మడ్‌గార్డులో చేరే రేగడి మట్టిని తడిమీదే పుల్లతో తీసేయాలి, ఎండితే రాయే.

నేను పట్టుబట్టేది బ్రేకు దగ్గర. మన దారులు చాలావరకు కాలువగట్లు. ఒక పక్క నీళ్లు, ఎదురుగా వరిగడ్డి ట్రాక్టరు. డ్రమ్ము బ్రేకు రోజుకింత అరుగుతుంది, తేడా చేతికి తెలియదు. లీవరు హ్యాండిల్ దాకా వస్తోందంటే చక్రం దగ్గరున్న నట్టును సగం సగం చుట్టు బిగించి, చక్రం ఎత్తి చేత్తో తిప్పి చూడండి. రాసుకోకుండా తిరగాలి. బ్రేకు పూర్తిగా నొక్కినప్పుడు డ్రమ్ము మీది ముల్లు చివరి గుర్తును చేరితే ఇక బిగించకండి, షూలు మార్పించండి. ముందు చక్రానికి డిస్కు ఉంటే అది మెకానిక్కుకే వదిలేయండి. బెల్టు, వాల్వులు కూడా అంతే.

ఆయిలు చూడడం రెండు నిమిషాల పని. చదునైన చోట పెద్ద స్టాండు వేసి, డిప్‌స్టిక్ తుడిచి, మళ్లీ పెట్టి తీసి చూడాలి. చాలా బండ్లకు మర బిగించకుండా ఊరికే ఆనిస్తే చాలు, మీ బండి పుస్తకం ఒకసారి చూసుకోండి. నూర్పిళ్ల దుమ్ములో తిరిగేవాళ్లు ఎయిర్ ఫిల్టరునూ చూడాలి. ఆయిలు పట్టించిన కాగితం ఫిల్టరుకు గాలి కొట్టించి లాభం లేదు, మార్చడమే.

ఇంకొక్క మాట. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్ని స్కూటర్లు మునిగాయో చూశాం. మునిగిన బండికి సెల్ఫు నొక్కకూడదు, కిక్కూ కొట్టకూడదు. లోపల నీళ్లుంటే పిస్టను వాటిని నొక్కలేక కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. ఆయిలు పాలు కలిపిన కాఫీలా ఉంటే నీళ్లు చేరినట్టే. బ్యాటరీ వైరు విప్పి, తోసుకునే షెడ్డుకు తీసుకెళ్లండి. మనది వాయుగుండాల దారి కనుక ఈ సంగతి ఇంట్లో ఆడపిల్లలకూ చెప్పి ఉంచండి. కాలేజీకి బండి నడిపేది ఇప్పుడు వాళ్లే కదా.

నా బండి బయట వేపచెట్టు కింద ఉంది, పానాల సంచీ డిక్కీలోనే ఉంది. భోజనాలయ్యాక బ్రేకు నట్టు ఎక్కడుంటుందో చూడాలనుకునేవాళ్లు అక్కడికి రండి. తెల్ల చొక్కాల వాళ్లకు పాత గుడ్డలు కూడా తెచ్చాను.